పునాదికి ముందు భూపరీక్ష

నిర్మాణ కళలో కంటికి కనిపించే భాగానికి దక్కే ప్రశంస, కనిపించని భాగానికి దక్కదు. గోడల అందాన్నీ, గుమ్మటాల ఎత్తునూ, వంతెన పొడవునూ అందరూ చూసి మెచ్చుకొంటారు. వాటి బరువునంతా మోస్తున్న నేలను గురించి ఆలోచించేవారు అరుదు. ఉర్దూలో ‘బునియాద్’ అన్నా, తెలుగులో ‘పునాది’ అన్నా ఆ రెండు మాటలూ ఒకే వంశానికి చెందినవి. అయితే ఆ పునాదికి కూడ మరొక పునాది ఉన్నది. అది నేల. సిమెంటునూ, ఉక్కునూ కర్మాగారంలో తయారుచేసి, పరీక్షించి, ముద్ర వేసి మనకు అందిస్తారు. నేలకు అటువంటి ముద్ర లేదు. దానిని ఉన్నచోటనే పరీక్షించి, దాని శక్తిని మనమే నిర్ణయించుకోవలె.

ఎలగందుల కోటను కట్టినవారికి రాతి గుట్టను ఎంచుకొనే స్వేచ్ఛ ఉన్నది. నేటి నిర్మాతకు ఆ స్వేచ్ఛ లేదు. పట్టణంలో దొరికిన స్థలంలోనే, అది చెల్క కానీ, నల్లరేగడి కానీ, పూడ్చిన చెరువు శిఖం కానీ, అక్కడే కట్టక తప్పదు. కనుక నేలను ఎంచుకొనే అవకాశం తగ్గినకొద్దీ, నేలను తెలుసుకొనే బాధ్యత పెరుగుతూ వచ్చింది.

ఇందుకు ప్రపంచమంతటా విస్తారంగా వాడుకలో ఉన్న సాధనం స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్టు, అనగా ప్రామాణిక చొరబాటు పరీక్ష. దాని విధానమేమి, అది చెప్పగలిగేదేమి, చెప్పలేనిదేమి, మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నేలలకు దానిని అన్వయించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేమి అనే అంశాలను విద్యార్థి మిత్రులకూ, కళాశాల పాలక సంఘం పెద్దలకూ వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్ష పుట్టుక

నేలను పొడిచి చూసే ఆలోచన కొత్తది కాదు. పునాది గోతిలో దిగి గడ్డపారతో గట్టిగా పొడిచి, అది ఎంత దిగిందో చూసి, ఏ శబ్దం వచ్చిందో విని ‘గట్టు తగిలింది’ అని చెప్పే మేస్త్రీలను మనం ఎరుగుదుము. వారి అనుభవం విలువైనదే. కాని ఒక మేస్త్రీ పోటు మరొక మేస్త్రీ పోటుతో సమానం కాదు. ఒకరి చెవికి గట్టిగా వినిపించినది మరొకరికి మెత్తగా వినిపించవచ్చు. పొడిచే బలాన్నీ, పొడిచే సాధనాన్నీ, కొలిచే లోతునూ స్థిరపరచినప్పుడే అనుభవం శాస్త్రంగా మారుతుంది.

1902లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చార్లెస్ గో అనే ఇంజనీరు, బరువుతో కొట్టి గొట్టాన్ని నేలలోకి దింపి మట్టి నమూనాను తీసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1920ల చివర, నిలువునా రెండుగా విడదీయదగిన గొట్టం వాడుకలోకి వచ్చింది. మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పితామహుడుగా పేరొందిన కార్ల్ టెర్జాగీ 1947లో ఈ పద్ధతికి ‘స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్టు’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. మరుసటి సంవత్సరం ఆయన, రాల్ఫ్ పెక్ కలిసి ప్రచురించిన గ్రంథంతో ఇది ఇంజనీర్లందరికీ పరిచితమైంది. మన దేశంలో ఐ.ఎస్. 2131 అనే ప్రమాణం 1963లో వెలువడి, 1981లో సవరించబడింది.

పరీక్షా విధానం

పరీక్షకు ముందుగా నేలలో సుమారు 10 నుండి 15 సెంటీమీటర్ల వ్యాసం గల బోరు వేస్తారు. నిర్ణీత లోతుకు చేరగానే అడుగున ఉన్న వదులు మట్టిని శుభ్రపరచి, కడ్డీల చివర బిగించిన స్ప్లిట్ స్పూన్ గొట్టాన్ని దింపుతారు. ఈ గొట్టం బయటి వ్యాసం 50.8 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు. పైన మూడు కాళ్ళ ట్రైపాడ్‌కు వేలాడదీసిన 63.5 కిలోగ్రాముల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుండి స్వేచ్ఛగా కడ్డీపై పడనిస్తారు. ఒక్కొక్క దెబ్బకు గొట్టం కొంచెం కొంచెంగా నేలలోకి చొచ్చుకొనిపోతుంది.

మొత్తం 45 సెంటీమీటర్ల చొరబాటును మూడు సమభాగాలుగా విభజించి, ఒక్కొక్క 15 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పట్టినవో విడివిడిగా వ్రాసుకొంటారు. మొదటి భాగం బోరు వేసేటప్పుడు కదిలిన మట్టి కనుక దానిని లెక్కలోకి తీసుకోరు. తక్కిన రెండు భాగాల దెబ్బల మొత్తమే ‘ఎన్ విలువ’. ఉదాహరణకు 8, 12, 15 దెబ్బలు పట్టినవనుకొంటే ఎన్ విలువ 12కు 15 కలుపగా 27 అవుతుంది. ఏదైనా ఒక 15 సెంటీమీటర్ల భాగంలోనే 50 దెబ్బలు పూర్తయితే గొట్టం ఇక దిగదని భావించి పరీక్షను ఆపి, ‘నిరోధం’ అని నమోదు చేస్తారు.

సాధారణంగా ప్రతి 1.5 మీటర్ల లోతుకు ఒకసారి, అట్లే మట్టి పొర మారిన ప్రతిచోటా ఈ పరీక్ష జరుపుతారు. గొట్టాన్ని పైకి తీసి విప్పినప్పుడు లోపల మట్టి నమూనా దొరుకుతుంది. ఈ పరీక్షకు గల గొప్ప సౌలభ్యం ఇదే. ఒకే పనితో నేల గట్టిదనం అంకెగానూ, నేల స్వరూపం నమూనాగానూ లభిస్తాయి. దెబ్బలు కొట్టడం వలన ఆ నమూనా సహజస్థితిలో ఉండదు కనుక దాని బలాన్ని ప్రయోగశాలలో కొలవడం తగదు. కాని అది ఇసుకా, బంకమన్నా, రంగేమి, తేమ ఎంత అన్న సంగతులు తెలుసుకోవడానికి అది చాలు.

ఇసుకలో ఎన్ విలువను ఈ విధంగా అర్థం చేసుకొంటారు:

4 లోపు – మిక్కిలి వదులు
4 నుండి 10 – వదులు
10 నుండి 30 – మధ్యమం
30 నుండి 50 – దట్టం
50 పైన – మిక్కిలి దట్టం

బంకమట్టిలో విభజన వేరు:

2 లోపు – మిక్కిలి మెత్తన
2 నుండి 4 – మెత్తన
4 నుండి 8 – మధ్యమం
8 నుండి 15 – గట్టి
15 నుండి 30 – మిక్కిలి గట్టి
30 పైన – కఠినం

ఈ రెండు పట్టికలను పోల్చి చూసినవారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. ఎన్ విలువ 9 అనే అంకె ఇసుకలో వదులు నేలను, బంకమట్టిలో గట్టి నేలను సూచిస్తున్నది. మట్టి పేరు లేని అంకెకు అర్థం లేదు. అంతేకాక, బంకమట్టి విషయంలో ఈ పట్టిక స్థూలమైన సూచన మాత్రమే. దాని బలాన్ని ప్రయోగశాలలో వేరుగా తేల్చుకోవలె.

అంకెకు చేయవలసిన సవరణలు

క్షేత్రంలో లభించిన అంకెను యథాతథంగా వాడరాదు. ఒకే సాంద్రత గల ఇసుక పైపొరల్లో తక్కువ దెబ్బలను, లోతున ఎక్కువ దెబ్బలను చూపుతుంది. లోతున పైమట్టి బరువు చుట్టూ నుండి బిగించి పట్టడమే దీనికి కారణం. ఈ తేడాను తొలగించడానికి అధిభార సవరణ చేస్తారు. పెక్, హాన్సన్, థార్న్‌బర్న్‌లు 1974లో ఇచ్చిన సూత్రం ప్రకారం, 2000ను చదరపు మీటరుకు కిలోన్యూటన్లలో లెక్కించిన ప్రభావక పీడనంతో భాగించి, ఆ ఫలితపు లాగరిథమ్‌ను 0.77తో గుణించవలె.

పైన చెప్పిన 27 విలువనే తీసుకొందాము. నీరు నేల మట్టం వరకు ఉన్న సన్న ఇసుకలో 5 మీటర్ల లోతున ఇది లభించిందనుకొందాము. నీటిలో మునిగిన ఇసుక బరువు ఘనపు మీటరుకు సుమారు 10 కిలోన్యూటన్లు కనుక అక్కడి ప్రభావక పీడనం 50. 2000ను 50తో భాగిస్తే 40. దాని లాగరిథమ్ 1.602. దానిని 0.77తో గుణిస్తే 1.23. కనుక సవరించిన విలువ సుమారు 33.

రెండవ సవరణ నీటిలో మునిగిన సన్న ఇసుకకు, ఒండ్రు ఇసుకకు వర్తిస్తుంది. అటువంటి దట్టమైన ఇసుక దెబ్బ తగిలినప్పుడు వ్యాకోచించబోతుంది. నీరు వెంటనే ఆ ఖాళీలోకి చేరలేక, క్షణకాలం నేల తన నిజమైన శక్తి కంటె అధికంగా నిరోధిస్తుంది. కనుక విలువ 15 దాటినప్పుడు, దాటిన భాగంలో సగాన్నే లెక్కించవలె. ఇక్కడ 33లో 15 పోగా 18, దానిలో సగం 9, దానికి 15 కలిపితే 24. క్షేత్రంలో 27గా పుట్టిన అంకె 33గా పెరిగి, చివరకు 24గా నిలిచింది. మొదటి సవరణతోనే ఆగిపోయినవారు ‘దట్టమైన ఇసుక’ అనీ, రెండూ చేసినవారు ‘మధ్యమం’ అనీ వ్రాస్తారు. పునాది వెడల్పు ఆ మాట మీద ఆధారపడి ఉంటుంది.

దెబ్బలోని నిజాయితీ

కాగితంపై చేసే సవరణల కంటె ముఖ్యమైనది బోరు వద్ద జరిగే పని. 63.5 కిలోగ్రాముల బరువు 75 సెంటీమీటర్లు పడినప్పుడు లెక్క ప్రకారం సుమారు 467 జౌళ్ళ శక్తి విడుదల కావలె. కాని తాడు రాపిడి వలన, కప్పీ బిగువు వలన కొంత శక్తి వ్యర్థమై, మిగిలినదే గొట్టానికి చేరుతుంది. అందుచేత 1980లలో సీడ్, స్కెంప్టన్ మొదలైన శాస్త్రజ్ఞులు 60 శాతం శక్తిని ప్రాతిపదికగా తీసుకొని అంకెలను సరిదిద్దే పద్ధతిని ప్రతిపాదించారు. 45 శాతం శక్తితో కొట్టి 20 దెబ్బలు లెక్కించినవారి అంకె, ఈ ప్రాతిపదికపై 15 మాత్రమే.

దీనిలోని ప్రమాదాన్ని గమనించవలె. బరువును పూర్తి ఎత్తుకు లేపకుండ కొట్టినప్పుడు ఒక్కొక్క దెబ్బ బలహీనమవుతుంది, దెబ్బల సంఖ్య పెరుగుతుంది, నేల ఉన్నదానికంటె గట్టిదిగా కనిపిస్తుంది. అలసిన కూలీ చేసిన అరకొర దెబ్బ నేలను పొగిడినట్లవుతుంది. ఆ పొగడ్తను నమ్మి కట్టిన భవనం పగుళ్ళు చూపుతుంది.

దీనికి విరుద్ధమైన తప్పు కూడ ఉన్నది. బోరులోని నీటి మట్టం భూగర్భ జలమట్టం కంటె కిందికి దిగనిస్తే, బయటి నీరు అడుగు నుండి ఉబికి వచ్చి ఇసుకను వదులు చేస్తుంది. అప్పుడు అంకె అన్యాయంగా తగ్గి, అవసరం లేని ఖర్చు పెరుగుతుంది. కనుక కడ్డీలను పైకి తీసేటప్పుడు బోరులో నీటిని నిండుగా ఉంచవలె. దెబ్బలను లెక్కించే వ్యక్తి, బరువు ఎత్తును గమనించే ఇంజనీరు అక్కడ ఉండి తీరవలె. బోరు వేయకుండనే పక్క స్థలపు అంకెలను కొద్దిగా మార్చి వ్రాసిన నివేదిక, నివేదిక లేకపోవడం కంటె హానికరం. నివేదిక లేనివాడు భయపడి జాగ్రత్త పడతాడు. అబద్ధపు నివేదిక ఉన్నవాడు ధైర్యంగా తప్పు చేస్తాడు.

మన ప్రాంతపు నేలలు

ఉత్తర తెలంగాణలో కొద్ది మైళ్ళ దూరంలోనే నేల స్వభావం మారిపోతుంది. ఒక్కొక్క నేల ఈ పరీక్షను ఒక్కొక్క విధంగా మోసగించగలదు.

కరీంనగర్ పరిసరాలలో గ్రానైటు రాయి శైథిల్యం చెంది ఏర్పడిన ఎర్ర చెల్కలు, వాటి కింద మొరం, ఆ కింద రాయి సాధారణంగా కనిపిస్తాయి. ఇది మొత్తం మీద మంచి నేల. కాని గ్రానైటు శిథిలమయ్యేటప్పుడు అంతటా సమంగా శిథిలం కాదు. పగుళ్ళ వెంట మొరంగా మారి, మధ్యలో పెద్ద పెద్ద గుండ్లు అట్లే మిగిలిపోతాయి. మన గుట్టలపై ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు అట్లా ఏర్పడినవే. నేలలో దాగిన అటువంటి గుండుపై గొట్టం తగిలితే వెంటనే ‘నిరోధం’ వస్తుంది. అది మూలశిల అని భ్రమపడి ఒక స్తంభాన్ని గుండుపైనా, పక్క స్తంభాన్ని మొరంపైనా నిలిపితే రెండూ సమంగా కుంగవు. కనుక నిరోధం వచ్చినచోట ఆగిపోక, వజ్రపు మొన గల బిట్టుతో సుమారు 3 మీటర్ల వరకైనా రాతిని కోసి, కోరు తీసి చూడవలె. కింద మళ్ళీ మొరం వస్తే అది గుండు, రాయి కొనసాగితే అది శిల.

ఆదిలాబాద్ జిల్లా పడమటి భాగంలో దక్కను నాప లావా శిలలపై ఏర్పడిన నల్లరేగడి విస్తరించి ఉన్నది. పత్తికి అది వరం, గోడకు శాపం. వేసవిలో ఎండి నెర్రెలు విచ్చిన రేగడిలో ఎన్ విలువ ఎంతో ఘనంగా వస్తుంది. వానలు పడి నీరు పీల్చుకొన్న తరువాత అదే స్థలంలో అదే లోతున విలువ పడిపోతుంది. ఏ మాసంలో పరీక్ష జరిగిందో, తేమ ఎంత ఉన్నదో వ్రాయని నివేదికను రేగడి నేలలో నమ్మరాదు. అంతకంటె ముఖ్యంగా, రేగడి భవనాన్ని కుంగదీయడమే కాక పైకి లేపుతుంది కూడ. చొరబాటు పరీక్ష బరువును మోసే శక్తిని సూచిస్తుంది కాని ఉబ్బే శక్తిని సూచించదు.

దానిని తెలుసుకోవడానికి మన కళాశాల రసాయన ప్రయోగశాలలోనే చేయదగిన సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఎండుమట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీలలో తీసుకొని, ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు ఉంచవలె. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలోని మట్టి ఘనపరిమాణం కిరోసిన్‌లోని దానికంటె ఎంత శాతం అధికమో అదే స్వేచ్ఛా ఉబ్బు సూచిక. 50 శాతానికి లోపైతే సాధారణంగా పెద్ద బాధ ఉండదు. 100 శాతానికి చేరితే తేలిక భవనాలకు గణనీయమైన హాని కలుగగలదు. అటువంటిచోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ మేలు. కాండం వ్యాసానికి సాధారణంగా రెండున్నర రెట్ల వెడల్పుతో అడుగున ఉల్లిగడ్డ వలె ఉబ్బిన ఈ స్తంభాలు, రుతువులతో మార్పు చెందే పొరను దాటి, కనీసం 3.5 మీటర్ల లోతున స్థిరమైన నేలను పట్టుకొంటాయి.

రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాలు బొగ్గు గనుల సీమ. అక్కడ పైన ఇసుకరాయి గట్టిగా ఉన్నా, లోతున పాత గనుల శూన్యాలు ఉండవచ్చు. పదిహేను మీటర్ల బోరుకు ఆ సంగతి అందదు. దెబ్బల లెక్కతో పాటు గని పటాన్ని కూడ చూసినవారే అక్కడ నేలను చూసినవారు. పట్టణాల విస్తరణలో పూడ్చివేసిన చెరువు శిఖం భూములది మరొక సమస్య. పైన పోసిన మొరం రెండు మీటర్ల వరకు చక్కని అంకెలను ఇస్తుంది. దాని కింద దాగిన పూడిక మట్టిలో ఎన్ విలువ 2కో 3కో దిగజారుతుంది. పైపొరతో తృప్తిపడినవాడికి ఆ పూడిక కనిపించదు.

ఎంత లోతు? ఎన్ని బోర్లు?

పైపొరతో తృప్తిపడితే ఏమవుతుందో 1913 అక్టోబరులో కెనడాలోని ట్రాన్స్‌కోనా అనేచోట లోకం చూసింది. అక్కడ నిర్మించిన పెద్ద ధాన్యాగారానికి పునాది మట్టం వద్దనే భారపరీక్షలు జరిపి, నేల చాలునని నిర్ణయించారు. ధాన్యం నింపుతూ ఉండగా కట్టడం కుంగడం ఆరంభించి, ఒక్క రోజులో సుమారు 27 డిగ్రీలు ఒరిగిపోయింది. తరువాత జరిపిన పరిశీలనలో, పరీక్షించిన గట్టి బంకమట్టి కింద మెత్తని బంకమట్టి పొర ఉన్నదని తేలింది. చిన్న పలకతో చేసిన పరీక్ష కొద్ది లోతునే తాకుతుంది, విశాలమైన పునాది ఎంతో లోతు వరకు నొక్కుతుంది. అందుచేతనే పునాది వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్ల లోతు వరకు, పునాది అడుగు నుండి కొలిచి, బోరు వేయవలెనని నియమం ఏర్పడింది.

సంఖ్య విషయంలో ఐ.ఎస్. 1892 ప్రమాణం స్పష్టమైన సూచన ఇస్తున్నది. సుమారు 0.4 హెక్టారు, అనగా ఒక ఎకరం స్థలంలోని భవన సముదాయానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు బోర్లు సాధారణంగా చాలును. చిన్న కట్టడమైతే మధ్యలో ఒక్కటైనా ఉండవలె.

మేడిగడ్డ నేర్పిన పాఠం

నేల విషయం పుస్తకాలకే పరిమితం కాదని మన ప్రాంతం ఇటీవలనే కళ్ళారా చూసింది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిదై, 2016 జిల్లాల పునర్విభజన తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చిన మేడిగడ్డ వద్ద, ప్రాణహిత సంగమానికి దిగువన గోదావరిపై 85 గేట్లతో, సుమారు 1.6 కిలోమీటర్ల పొడవున నిర్మించిన బరాజ్ 2019లో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న దాని 7వ బ్లాకులో పునాది కుంగి, కొన్ని పియర్లు కదిలి బీటలు వారాయి. పైనున్న వంతెన భాగం కళ్ళకు కనిపించేటట్లు కిందికి దిగింది. జలాశయాన్ని ఖాళీ చేయవలసి వచ్చింది.

వెంటనే పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణుల బృందం తన నివేదికలో ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతా నియంత్రణ, నిర్వహణలలోని లోపాలను పేర్కొని, కుంగుబాటుకు కొన్ని కారణాలు కలిసి పనిచేసి ఉండవచ్చునని తెలిపింది. పునాది కింది ఇసుక నీటితో కొట్టుకొనిపోవడం, ఆ ఇసుక భారవహన శక్తి తక్కువగా ఉండడం, బరాజ్ బరువుకు ఎగువన ఉన్న సీకెంట్ పైల్స్ విఫలం కావడం అన్నవి అవి. బాధ్యులెవరన్న ప్రశ్న విచారణ సంఘాల పరిధిలోనిది. విద్యార్థులుగా మనం గ్రహించవలసినది కారణాల స్వరూపాన్ని.

ఈ మూడింటిలో ఇసుక భారవహన శక్తి ఒక్కటే చొరబాటు పరీక్ష నేరుగా చెప్పగలిగినది. ఇసుక కొట్టుకొనిపోవడాన్ని, అనగా ‘పైపింగ్’ను గురించి దెబ్బల లెక్క ఏమీ చెప్పదు. ఎగువన నిలిచిన నీరు పునాది కింద దారి చేసుకొని దిగువన పైకి ఉబికేటప్పుడు, దాని వాలు ఒక హద్దు దాటితే ఇసుక కణాలు తేలిపోతాయి. కణాల విశిష్ట గురుత్వం 2.65, రంధ్ర నిష్పత్తి 0.65 అయిన ఇసుకకు లెక్క చూద్దాము. 2.65లో నుండి 1 తీసివేస్తే 1.65. 1కి 0.65 కలిపితే 1.65. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే హద్దు వాలు 1 వస్తుంది. నదీ నిర్మాణాలలో అంత దూరం పోనివ్వక, సన్న ఇసుకకు ఆరింట ఒకటి, ఏడింట ఒకటి వంతుకు మించకుండ చూడవలెనని ఖోస్లా మొదలైనవారు 1936లో ప్రకటించిన సిద్ధాంతం. 1898లో గంగానదిపై నరోరా ఆనకట్ట దెబ్బతిన్ననాటి నుండి భారతీయ ఇంజనీర్లు ఈ విషయాన్ని అధ్యయనం చేస్తూనే ఉన్నారు.

ఇసుకపై కట్టరాదని దీని అర్థం కాదు. మేడిగడ్డకు పొరుగున, నేటి ములుగు జిల్లాలోని పాలంపేటలో 1213లో వెలసిన రామప్ప దేవాలయం ఇసుక నింపిన పునాదిపైనే ఎనిమిది శతాబ్దాలుగా నిలిచి ఉన్నది. కదలకుండ బిగించిన ఇసుక గొప్ప పునాది. నీటితో కలిసి నడిచిపోయే ఇసుక పునాదే కాదు. కనుక నదిలో కట్టేవారు దెబ్బలను లెక్కించడంతో ఆగక, నీటి పారగమ్యతను కొలిచి, ఇసుక కణాల పరిమాణాన్ని జల్లెడ పట్టి, నీటి మార్గాన్ని గణించవలె. నీటిలో మునిగిన వదులు ఇసుక భూకంపంలో ద్రవం వలె మారే ప్రమాదం కూడ ఉన్నది. 1964లో జపాన్‌లోని నీగాటా నగరం ఇందుకు సాక్షి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపాలు గోదావరి లోయ నిశ్చలం కాదని గుర్తుచేస్తున్నవి. ఈ ద్రవీభవన ప్రమాదాన్ని అంచనా కట్టడంలో మాత్రం ఎన్ విలువ ఎంతో ఉపయోగపడుతుంది.

ముగింపు

చొరబాటు పరీక్ష చవకైనది, సరళమైనది, ఒక శతాబ్దపు అనుభవం వెనుక గలది. కాని అది వైద్యుని చేతిలోని నాడి వంటిది. నాడి చూడని వైద్యుని నమ్మరాదు. నాడి మాత్రమే చూసి శస్త్రచికిత్సకు దిగే వైద్యునీ నమ్మరాదు. మట్టి నమూనా, జలమట్టం, తేమ, బోరు లోతు, పరీక్ష జరిగిన తేదీ, చేసిన సవరణలు అన్నీ పక్కన ఉన్నప్పుడే ఎన్ విలువ విలువగా నిలుస్తుంది.

కళాశాల పాలక సంఘం వారికి ఒక మనవి. కొత్త తరగతి గదులు కానీ, వసతి గృహం కానీ, ఉన్న భవనంపై మరొక అంతస్తు కానీ తలపెట్టినప్పుడు, నక్షా చూడడానికి ముందు బోరు నివేదికను అడుగవలె. దానిలో ప్రతి 15 సెంటీమీటర్ల దెబ్బలూ విడివిడిగా ఉన్నవా, నీటి మట్టం వ్రాయబడినదా, నమూనాలు సంచులలో చీటీలతో భద్రపరచబడినవా అని విచారించవలె. ఈ మూడు ప్రశ్నలకు ఇంజనీరింగు చదువు అవసరం లేదు. మొత్తం నిర్మాణ వ్యయంలో ఈ పరీక్షకు అయ్యేది స్వల్పభాగమే. అది ప్రజల విరాళాలతో, ప్రభుత్వ సహాయంతో కట్టే గోడల మధ్య కూర్చొనే పిల్లల భద్రతకు చెల్లించే మొదటి మూల్యం.

విద్యార్థి మిత్రులలో రేపు సివిల్ ఇంజనీర్లు, ఓవర్సీయర్లు, కాంట్రాక్టర్లు అయ్యేవారు ఉంటారు. ఎండలో బోరు పక్కన నిలబడి దెబ్బలను లెక్కించే పని వారికి చిన్నదిగా తోచవచ్చు. ఆ లెక్కను ఎవరూ సరిచూడరు కూడ. దాని మీద నిలిచే భవనం మాత్రం దశాబ్దాల పాటు ప్రతిరోజూ దానిని సరిచూస్తూనే ఉంటుంది.